తొడ అని రాయించుకున్న గాయం

సోఫాల కార్ఖానాలో ఆమెను అందరూ బొత్తాలక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. సోఫా వీపు మీద వరసగా గుంటలు పడేలా బొత్తాలు లాగి కట్టడం ఆమె పని. చూసేవాళ్ళకి అది సోకు, చేసేవాళ్ళకి కుస్తీ. జానెడున్నర పొడవు సూది, దానికి రెండు వైపులా మొన. ముందు నుంచి గుచ్చి, స్పాంజిలోంచీ గోనెగుడ్డలోంచీ వెనక్కి లాగి, పురికొస బిగించి ముడి వెయ్యాలి. ఒక్క బొత్తం అర అంగుళం పక్కకి పోయినా సోఫా వీపంతా మెల్లకన్నుతో చూస్తున్నట్టుంటుంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె కట్టిన వీపుల్లో మెల్లకన్ను ఒక్కటీ లేదు.

"బొత్తాలక్క కట్టిన సోఫాలో కూర్చుంటే అప్పులవాడైనా మర్యాదగా మాట్లాడతాడు" అనేవాడు కటింగ్ మాస్టరు. గుడ్డ కత్తిరించడం ఆయన పని. కత్తెర ఎంత పదునో నోరూ అంత పదును. ఆయన జోకు వేస్తే కార్ఖానా నవ్వాలి, నవ్వకపోతే మళ్ళీ వేస్తాడు.

ఆ కార్ఖానాలో ఓ కట్టుబాటుంది. సూది కింద పెట్టకూడదు, బట్టలకి గుచ్చుకోకూడదు. ఎప్పుడో ఓ సూది పోయి, కొన్నవాళ్ళ ఇంట్లో దిండులోంచి తేలింది. ఆ దిండు కుట్టినవాడిని ఆ రోజే పంపించేశారు. అప్పటి నుంచీ సూది ఉంటే చేతిలో ఉండాలి, లేకపోతే అందరికీ కనబడేలా స్పాంజిలో నిలబడి ఉండాలి. సాయంత్రం సూపర్‌వైజరు ముందు ఎవరి సూది వాళ్ళు చూపించి ఇంటికి వెళ్ళాలి. రెండు మొనల సూది కాబట్టి ఎటు గుచ్చినా పైన ఓ మొన నిక్కబొడుచుకునే ఉంటుంది. అది అందరికీ తెలుసు. దాని చుట్టూ ఒళ్ళు ఒదిగించుకుని తిరగడం అందరికీ అలవాటే. దిండులో సూది దొరకడం నేరమని నేర్పారు. మనిషి ఒంట్లో దిగితే ఏమవుతుందో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆ రోజు ఓ హోటలు ముందుగదికి ముదురు ఎరుపు వెల్వెట్ సోఫా తయారవుతోంది. బొత్తాలక్క సీటు మీదెక్కి, వీపు వైపు తిరిగి, కాళ్ళు మడిచి కూర్చుని కడుతోంది. రెండో వరస మధ్యలో పురికొస అయిపోయింది. సూదిని పక్కనే సీటులో నిలబెట్టి కిందికి దిగింది. తలుపు దగ్గర మేకుకి వేలాడే ఉండలోంచి కావలసినంత కత్తిరించుకుంది. ఆ కాస్త సేపట్లో కటింగ్ మాస్టరు తన బల్ల ఖాళీ చేసుకుందామని వెల్వెట్ ముక్కలన్నీ చేతుల నిండా ఎత్తి సీటు మీద పడేశాడు. అవి వెయ్యాల్సింది బుట్టలో. బుట్ట నాలుగడుగుల దూరంలో ఉంది.

బొత్తాలక్క దారం కొస నోట్లో తడుపుకుంటూ వచ్చింది. రోజూ ఎక్కినట్టే ఎక్కింది, రోజూ కూర్చున్నట్టే కూర్చుంది.

కాళ్ళ మధ్య నిప్పుకణిక పెట్టినట్టయి గబుక్కున లేచి నిలబడింది. ముక్కల కుప్ప కదిలి, సూది మొన బయటికొచ్చి మెరిసింది.

"ఏం బొత్తాలక్కా, సీటు కరిచిందా?" అన్నాడు కటింగ్ మాస్టరు.

తొమ్మిది మంది నవ్వారు. స్పాంజి కోసే అతను ఇంకో మెట్టెక్కాడు. "ఎక్కడ కరిచిందో చూపిస్తే మందు రాద్దాం!"

మళ్ళీ నవ్వారు. బొత్తాలక్క కూడా నవ్వింది. నవ్వకపోతే అడుగుతారు, అడిగితే చెప్పాలి. వారం కిందట చెక్కపని చేసేవాడి బొటనవేలికి మేకు దిగితే ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. ఒకరు మందుపెట్టె దించారు, ఒకరు అట్టముక్కతో విసిరారు, ఇంకొకరు "కళ్ళు మూసుకో, చూడకు" అంటూ తల నిమిరారు. ఆ మందుపెట్టె ఇప్పుడూ సూపర్‌వైజరు కుర్చీ వెనకాలే ఉంది. బొత్తాలక్క దాని పక్కనుంచే దొడ్డిగదికి వెళ్ళింది.

చీర కొంగు మడిచి అదిమి పట్టుకుంది. రక్తం తొందరగానే ఆగింది. తడిమి చూసుకుంటే గాయం కందిగింజంత కూడా లేదు. ఇంతేనా అనుకుంది. ఆ 'ఇంతేనా'లోనే మోసపోయింది. తిరిగొచ్చి, సూది తుడుచుకుని, పళ్ళ బిగువున మిగిలిన మూడు వరసలూ కట్టి, సాయంత్రం అందరితో పాటు సూది చూపించి ఇంటికి వెళ్ళింది.

ఆమె భర్త బస్సుల షెడ్డులో మెకానిక్. చెడ్డవాడేం కాదు. మాట పొదుపు, అంతే. ఇంజను మాట్లాడినంత మనిషి మాట్లాడడని వాళ్ళ అక్కే అనేది. ఆ అక్క, బొత్తాలక్కకి వదిన, భర్త పోయాక వాళ్ళతోనే ఉంటోంది. చూపు తక్కువైనా ఇంట్లో ఏ గిన్నె జరిగినా ఆవిడకి తెలియాలి.

"అలా ఒరిగి కూర్చున్నావేంటి?" అన్నాడు భర్త, అన్నం దగ్గర.

"తొడకి సూది గీసుకుందండీ."

తొడ అన్న మాట ఆమె నోట్లోంచి మొదట వచ్చింది అక్కడే. ఇరవై రెండేళ్ళ కాపురం, ఎదురుగా ఉన్నది కట్టుకున్నవాడు. ఐనా పక్కన వదిన ఉంది, చేతిలో ముద్ద ఉంది, అసలు ఆ చోటుని ఏమని పిలవాలో ఆమె ఏనాడూ నేర్చుకోలేదు. చిన్నప్పుడు అమ్మ 'అక్కడ' అనేది. పెళ్ళయ్యాకా అది 'అక్కడ' గానే ఉండిపోయింది.

"చూసుకుని కూర్చోవద్దూ" అని, అతను తిన్నాక చొక్కా వేసుకుని వెళ్ళి మందుల షాపులో ఓ ట్యూబు కొనుక్కొచ్చాడు. తొడకి రాసుకునే మందు. ఆమె దాన్ని తీసుకుని అలమరలో పెట్టింది. గాయం మీద మొహానికి వేసుకునే పౌడరు అద్దుకుంది, తడి లేకుండా ఉంటే చాలనుకుని.

రెండో రోజుకి రంధ్రం మూసుకుపోయింది. సంతోషించింది. మూడో రోజు లోపల ఎవరో వేలితో తడుతున్నట్టు సలపరం మొదలైంది. నాలుగో రోజు నిమ్మకాయంత వాచింది, ఒళ్ళు కాలిపోయింది. మూత్రానికి కూర్చుంటే కళ్ళమ్మట నీళ్ళు ధారకట్టాయి. సగం పూట సెలవడిగి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది.

చీటీ రాసే కిటికీకి అద్దం ఉంది. అద్దానికి అరచేయంత కన్నం ఉంది. లోపలి గుమాస్తాకి వినబడాలంటే అరవాలి. వెనకాల యాభై మంది వరస, మెడ మీద ఎవరిదో ఊపిరి.

"ఏం బాధ?"

"గాయమండీ. సూది గుచ్చుకుంది."

"ఎక్కడ?"

ఆమె పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పమ్మా, వెనకాల జనం ఉన్నారు. ఎక్కడా?"

వెనకాల జనం ఉన్నారనే కదా ఆమె బాధ. "తొడ" అంది.

"కుడా, ఎడమా?"

ఒక్క క్షణం నీళ్ళు నమిలి, "కుడి" అంది. గుమాస్తా రాశాడు. కుడి తొడ, సూది గాయం. ఠప్పున ముద్ర వేశాడు.

డాక్టరు కుర్రవాడు. కళ్ళ కింద నలుపు, బల్ల నిండా చీటీలు. చూపించమన్నాడు. ఆమె మోకాలి మీద జానెడు మేర బట్ట జరిపింది.

"ఇక్కడేం లేదే?"

"పైన మానిపోయిందండీ. లోపల సలుపుతోంది."

ఆయన ఇంకో రెండు అంగుళాలు చూడలేదు, ఆమె చూపించలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ చీటీ ఒక్కటే మాట్లాడింది. ధనుర్వాతం రాకుండా ఓ సూది, మూడు రోజులకి మాత్రలు. "తగ్గకపోతే రండి" అన్నాడు, అప్పటికే తర్వాతి మనిషి లోపలికి వచ్చి నిలబడ్డాడు.

తగ్గలేదు. ఆరో రోజు పొద్దున బొత్తాలక్క స్నానాలగది గోడ పట్టుకుని జారిపోయింది. ముందురోజు సాయంత్రం నుంచి చుక్క మూత్రం రాలేదు. భర్తా వదినా చెరో రెక్కా పట్టుకుని ఆటోలో ఎక్కించారు.

కట్లు కట్టే గదిలో నర్సు ఒకావిడ. భారీ మనిషి, నెరిసిన జుట్టు, నడిస్తే బల్లమీద సీసాలు గలగలమనేవి. చీటీ చూసింది, కుడి తొడ చూసింది, ఎందుకైనా మంచిదని ఎడమ తొడా చూసింది. తరవాత బొత్తాలక్క మొహం చూసింది.

"అందరూ బయటికి నడవండి. మీరు కూడా పెద్దమ్మా" అని తలుపు మూసింది. "ఇప్పుడు చెప్పు. ఎక్కడ?"

బొత్తాలక్క చెయ్యి చూపించింది. నర్సు దీపం దగ్గరికి లాగి చూసి, పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చింది. చాలా మెల్లగా అడిగింది.

"ఎవరు చేశారమ్మా?"

"సూది."

"సూది సరే. పట్టుకుంది ఎవరు?"

"ఎవరూ పట్టుకోలేదు. నేనే దాని మీద కూర్చున్నా."

నర్సు రెప్ప వెయ్యకుండా చూసింది. మెట్ల మీద పడ్డానని, తలుపు తగిలిందని, కూర్చున్నానని చెప్పిన ఆడవాళ్ళని ఆవిడ ఎంతమందిని చూసిందో. చెప్పిన మాట వెంటనే నమ్మెయ్యకపోవడం ఆవిడ పనిలో ఓ భాగం. "సరే. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు. మీ ఇంటాయనకి వినబడదు" అంది. ఆ మంచిమాటే బొత్తాలక్కకి చెంపదెబ్బలా తగిలింది. నిజం చెప్పినా అబద్ధంలా ఉంటుందని ఆమెకి అప్పుడే మొదటిసారి అర్థమైంది.

డాక్టరమ్మ వచ్చింది. ముందు గొట్టం వేసి మూత్రం తీశారు. తరవాత మత్తుసూది వేసి వాపు మీద కోశారు. చీము కప్పుడు వచ్చింది. కడుగుతూ కడుగుతూ నర్సు పట్టకారుతో ఏదో లాగి, దూది మీద పెట్టి, నీళ్ళు పోసింది.

"ఇదేంటి?"

పెసరగింజంత గుడ్డ ముక్క. చీములో నానినా రంగు పోలేదు. ముదురు ఎరుపు. ఓ వైపు వెల్వెట్ నూగు ఇంకా నిలబడే ఉంది.

"మా సోఫా" అంది బొత్తాలక్క.

అప్పుడు మొత్తం చెప్పింది. సూది ఎందుకు నిలబెడతారో, ముక్కలు ఎలా పడ్డాయో. నర్సు మొహంలో బిగువు సడలింది. "అంటే మొన నీ ఒంట్లోకి పోతూ పోతూ గుడ్డని కూడా కొరుక్కుని పోయింది" అంది. బొత్తాలక్కకి అప్పుడు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు.

కుట్లు వెయ్యలేదు. కోసిన చోట గాజుగుడ్డ పీలిక దోపి వదిలేశారు.

"కుట్టరా?" అంది, కుట్టడమే బతుకైన మనిషి.

"కుడితే మళ్ళీ అదే కథ. గుచ్చుకున్న గాయానికి నోరు చిన్నది, కడుపు పెద్దది. పైన మూసుకుంటే నువ్వు మానింది అనుకున్నావు. చెత్త లోపల పెట్టి తలుపేశావు. ఇది అడుగు నుంచి పూడుతూ పైకి రావాలి." నర్సు చేతులు కడుక్కుంటూ చెప్పుకుపోయింది. "ఆ రోజే ఏం చెయ్యాలి? శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టాలి. మంచినీళ్ళతో కడగాలి. పౌడర్లూ గీడర్లూ కూరకూడదు. గుచ్చుకున్నది లోపలే ఉండిపోతే పీకకూడదు. చిన్న గాయమైనా సరే ఆ పూటే ఇక్కడికి రావాలి. వాపొచ్చినా, జ్వరమొచ్చినా, మూత్రం బిగిసినా ఇంక గంట కూడా ఆగకూడదు. నువ్వెన్ని రోజులు ఆగావు?"

"చెప్పడానికి నోరు రాలేదు."

"చేతికి పేరుంది, కాలికి పేరుంది. దీనికీ ఉంది. మూత్రం దారి పక్కన బయటి పెదవి. అను."

బొత్తాలక్క అనలేదు. నర్సు బలవంతపెట్టలేదు. "నేనూ ఈ ఉద్యోగంలో చేరిన ఏడాది అనలేకపోయాను" అంది.

గది బయట వదిన చేతులు కట్టుకుని కూర్చోలేదు. బేసిను పట్టుకుని వెళ్తున్న ఆయాని ఆపి ఏం ఆపరేషనని అడిగింది. "ఆడవాళ్ళదే అమ్మా, అక్కడే" అని ఆయా వెళ్ళిపోయింది.

"తొడ అంది కదరా నీతో?" అంది వదిన తమ్ముడితో.

అతను లోపలికి వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు.

"తొడ అన్నావు."

"సిగ్గేసిందండీ."

"నా దగ్గరా?"

అబద్ధం ఆడినదాని మొహమే ఆమెకుంది. ఆడింది కూడా నిజమే. సిగ్గుకి ఆడిన అబద్ధానికీ తప్పు చేసి ఆడిన అబద్ధానికీ మొహంలో తేడా కనబడదు.

ఇంటికొచ్చాక రోజుకి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో కూర్చోవాలి. అతను నీళ్ళు కాచి తొట్టె తలుపు ముందు పెట్టేవాడు. చేతివేలితో వేడి చూసి మరీ పెట్టేవాడు. కానీ నోరు విప్పేవాడు కాదు, తలుపు తీసే లోపు వెళ్ళిపోయేవాడు. మాట వదినే మాట్లాడింది, ఇద్దరి వంతూ కలిపి.

"కూర్చుంటే పిర్రకి గుచ్చుకుంటుందమ్మాయ్. సరిగ్గా అక్కడికే పోవడానికి ఆ సూదికేమైనా కళ్ళున్నాయా?"

"లేవు వదినా. ఉంటే నోళ్ళకి గుచ్చుకునేది."

అంత పెద్ద మాట ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అనలేదు. వదిన ఆ సాయంత్రమే, సెలవు సంగతి చెప్పే నెపంతో ఆసుపత్రి చీటీ పట్టుకుని కార్ఖానాకి వెళ్ళి, చెప్పాల్సినదానికన్నా నాలుగు మాటలు ఎక్కువే చెప్పి వచ్చింది.

పన్నెండో రోజు సూపర్‌వైజరు రమ్మన్నాడు. పనిలో తగిలిన గాయమైతే మానేదాకా ఆమె చోటు ఆమెకే ఉంచుతారు. కాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆయన ముందు ఆసుపత్రి చీటీ ఉంది.

"ఇందులో కుడి తొడ అని ఉంది. మీ వదినగారేమో వేరే అన్నారు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం కావాలి కదక్కా."

"చీటీ అబద్ధమండీ. నేనే రాయించాను. సూది మాత్రం నిజం." ఆమె గది మధ్యకి తిరిగింది. "మాస్టారూ, మీరు చూశారుగా. సీటు కరిచిందా అన్నారు."

కటింగ్ మాస్టరు కత్తెర ఆపకుండా అన్నాడు. "రోజుకి వంద అంటానక్కా. ఏది ఎప్పుడన్నానో రాసి పెట్టుకుంటానా?"

"వెల్వెట్ ముక్కలు సీటు మీద పడేసింది మీరేగా?"

"ముక్కలు బుట్టలోనే వేస్తాను. ఎవరినైనా అడుగు."

ఆమె ఒక్కొక్కరి వైపూ చూసింది. స్పాంజి కోసే అతనికి హఠాత్తుగా స్పాంజిలో ఏదో కనబడింది. రెక్సిను కుట్టే ఆవిడ, ఇన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుని తిన్న మనిషి, మిషను మీద తల వంచే అంది.

"ఆ రోజు నువ్వు కూడా నవ్వావు కదే."

తొమ్మిది మంది నవ్వుల్లో వాళ్ళకి గుర్తున్నది ఆమె నవ్వొక్కటే.

మర్నాడు కట్టు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు బొత్తాలక్క నర్సుని అడిగింది. "చీటీ మార్చి రాస్తారా అమ్మా?"

"డాక్టరమ్మ చేత రాయిస్తాను. కానీ ఉన్నదున్నట్టే ఉంటుంది. 'గజ్జ' అనో 'కింది భాగం' అనో సర్దమంటే కుదరదు. ఆలోచించుకో."

"రాయించండి."

కాగితం వచ్చింది. ఆరు వరసలు. ఏ చోట, ఎంత లోతు, ఎన్ని రోజుల చీము. లోపల నుంచి ముదురు ఎరుపు వెల్వెట్ గుడ్డ ముక్క తీసినట్టు. కింద సంతకం, ముద్ర. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా ఆ ఆరు వరసలూ ఆమె బస్సులో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని, మూడుసార్లు చదివింది. తన గురించి నిజం రాసిన కాగితం అదొక్కటే. ఎవరికీ కనబడకుండా దాచుకోవాల్సిన కాగితమూ అదే.

ముందు భర్తకి ఇచ్చింది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి చదివాడు. మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

"వెల్వెట్టా?"

"ఆ."

"ఒంట్లో ఉందా అన్ని రోజులూ?"

"ఆ."

అతని దవడ కదిలింది. కాగితం మడతలు సాపు చేశాడు. వారం రోజుల తరవాత మొదటిసారి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా ఇంకా?" అన్నాడు. ఆమె లోపల ఏదో కరగబోయింది.

"ఇది అక్కడ ఇస్తావా?"

"ఇవ్వడానికేగా రాయించింది."

"వద్దు. ఆ మగాళ్ళంతా చదువుతారు."

"మీరు నమ్మారా, లేదా?"

"నమ్మాను కాబట్టే అంటున్నా. చోటు పోతే పోయింది. నా పెళ్ళాం గురించి ఇవన్నీ నలుగురి నోళ్ళలో..."

కరగబోయింది మళ్ళీ గడ్డకట్టింది. నమ్మక ముందు ఆమె తప్పు చేసిందని మొహం తిప్పుకున్నాడు. నమ్మాక తప్పేమీ లేదని తెలిసే దాచిపెట్టమంటున్నాడు. ఆమెకి రెండూ ఒకే గోడకి అటూ ఇటూలా కనబడ్డాయి.

మర్నాడు కాగితం పట్టుకెళ్ళి సూపర్‌వైజరు చేతికే ఇచ్చింది. ఆయన మూడో వరస దాకా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. మిగతాది చదివాడో లేదో, నాలుగు మడతలు వేసి, ఇంకా పెద్దదిగానే ఉందన్నట్టు ఎనిమిది మడతలు వేసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"సరే అక్కా. పని గాయమే. కాదని ఎవరన్నారిప్పుడు?"

"మీరే అన్నారు. వీళ్ళందరూ అన్నారు."

"అయిపోయిందిగా. వదిలెయ్యండి." ఆయన పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. "మీరు ఇంటి దగ్గరే ఉండండి. బొత్తాలకి గుడ్డ తొడిగే పని ఇంటికే పంపిస్తాను. కూర్చోవడం కష్టం కదా."

"కూర్చోగలను. డాక్టరమ్మ వచ్చే వారం నుంచి వెళ్ళమంది."

"అది కాదక్కా. మగవాళ్ళ మధ్య... మీ మొహం చూడాలంటే వాళ్ళకీ ఇబ్బంది."

"నా మొహానికేమైంది? గాయం మొహానికి కాదుగా."

ఆయన నవ్వలేదు. ఆమె కూడా ఈసారి నవ్వలేదు. కాగితం తిరిగి ఇమ్మని అడిగింది. రికార్డులో ఉండాలన్నాడు. సొరుగు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

గాయం నెలన్నరకి అడుగు నుంచి పూడింది. నర్సు చెప్పినట్టే మచ్చ చిన్నదే. బొత్తాలక్క ఇప్పుడు ఇంటి వసారాలో కూర్చుని రేకు బిళ్ళలకి గుడ్డ తొడిగి బొత్తాలు చేస్తుంది. పిల్లలు కూడా చెయ్యగలిగే పని. రెండు మొనల సూది ముట్టుకోవాల్సిన అవసరం లేదు. భర్త మాట్లాడుతున్నాడు, మునుపటికన్నా రెండు మాటలు ఎక్కువే. వదిన ఆ సంగతి ఎత్తడం లేదు. ఇంట్లో అందరూ ఆమెను క్షమించినట్టు ఉంటున్నారు. అదే ఆమెకి మింగుడు పడడం లేదు.

నాలుగో నెలలో ఆమె చోట్లో చేరినావిడ తయారైన బొత్తాలు పట్టుకెళ్ళడానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి, చురుకైన మనిషి. సోఫా వీపు మధ్యలో ముడులు వదులైపోతున్నాయని గోలపెట్టింది. బొత్తాలక్క పురికొస తీసుకుని, రెండు మెలికలేసి తిరగేసి లాగే ముడి చూపించింది. ఆవిడ నేర్చుకుని, సంతోషపడి, కబుర్లలో పడింది.

"ఆ సూపర్‌వైజరుకి సూదుల పిచ్చి పట్టిందక్కా. గోడకి చెక్క బిగించాడు. నీళ్ళు తాగడానికి లేచినా సూది తీసుకెళ్ళి ఆ చెక్కకే గుచ్చాలి. సీటులో నిలబెడితే చంపేస్తాడు."

"ఎందుకట?"

"ఎప్పుడో ఎవరికో చేతికి గుచ్చుకుందట కదా. మాస్టరుగారు చెప్పారు."

బొత్తాలక్క చేతిలోని రేకు బిళ్ళ కింద పెట్టింది.

"చేతికి కాదు. నాకు. ఇక్కడ" అంది. ఎక్కడో చూపించింది. పేరు కూడా చెప్పింది, నర్సు చెప్పిన మాటల్లోనే, గొంతు తగ్గించకుండా. వసారా అవతల రోడ్డు, ఇవతల వదిన. బొత్తాల కోసం వచ్చినావిడ నోరు తెరుచుకుని ఓసారి తలుపు వైపు, ఓసారి రోడ్డు వైపు చూసింది.

"మెల్లగా అక్కా, ఎవరైనా వింటారు."

"వినాలి. నువ్వు ముందు విను. నీకు గుచ్చుకుంటే నవ్వకు. గుడ్డతో అదిమి పట్టు, నీళ్ళతో కడుక్కో, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళు. కిటికీ దగ్గర ఎక్కడ అని అడుగుతారు. తొడ అని చెప్పకు. ఒకసారి రాయించావంటే తరవాత నువ్వు ఏం చెప్పినా..."

ఆవిడ అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది. మొహం కందిపోయింది. మెట్లు దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి మెల్లగా అంది.

"అక్కా, మీరిలా చెప్పారని, నేను విన్నానని ఎవరితోనూ అనకండి. మా ఆయనకి తెలిస్తే అక్కడ పని మాన్పించేస్తాడు."